డ్రైవ్-ఇన్ హోటలు పోయాక ఆ నేల ఏమైంది?

చెన్నైలో క్యాథడ్రల్ రోడ్డు, జెమినీ వంతెన కలిసే చోట సెమ్మొళి పూంగా అనే పెద్ద తోట ఉంది. మన సంఘంలో యాభై దాటినవాళ్లెవరూ ఆ చోటిని ఆ పేరుతో పిలవరు. ఆటో ఎక్కి "డ్రైవ్-ఇన్ దగ్గర దింపు" అంటారు. ఆ కుర్రాడు తెల్లమొహం వేస్తే అప్పుడు పార్కు పేరు చెబుతారు. ఉడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ హోటలు 2008లో మూతపడింది. అంటే ఇవాళ మన బడిలో పదో తరగతి చదువుతున్న పిల్లలు ఎవరూ అప్పటికి పుట్టలేదు.

పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికలో హోటలు చరిత్ర ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నాకు రెండు కారణాలున్నాయి. మన సంఘం పుట్టిన కొత్తలో దానికి గది లేదు, కుర్చీ లేదు, బీరువా లేదు. పాత మినిట్స్ పుస్తకం తిరగేస్తే సమావేశ స్థలం అన్నచోట తొలి ఏళ్లలో ఎక్కువసార్లు కనబడేది డ్రైవ్-ఇన్ పేరే. ఆ లెక్కన మన సంఘానికి అది పుట్టిల్లు. ఇక రెండోది, వచ్చే సర్వసభ్య సమావేశంలో మన బడి పాత పెంకుటింటి బ్లాకును ఏం చేయాలన్న చర్చ ఉంది. ముప్పై ఏళ్లకు పైగా భవనాలు కట్టించడం, అవసరమైతే కూలగొట్టించడం వృత్తిగా బతికినవాణ్ణి. ఆ చర్చకు ముందు, మనందరికీ తెలిసిన ఒక స్థలం చేతులు మారిన కథ చెబితే ఉపయోగం ఉంటుందనిపించింది.

హోటలుకు ముందు

కథ హోటలుతో మొదలు కాదు. సెయింట్ జార్జ్ క్యాథడ్రల్ 1816లో ప్రతిష్ఠ జరుపుకుంది. ఆ రోడ్డుకు ఆ పేరు దానివల్లే వచ్చింది. చర్చికి దగ్గర్లోని నేలలో 1835లో అగ్రి-హార్టికల్చరల్ సొసైటీ వెలిసింది. పంటలు, పూలు, పండ్లచెట్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లు విత్తనాలు, మొక్కలు తెప్పించి పెంచి పంచుకోవడానికి పెట్టుకున్న సంఘం అది. దాని స్థాపనలో ముఖ్యుడు రాబర్ట్ వైట్ అనే స్కాట్లండు వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో సర్జనుగా 1819లో వచ్చాడు. మనుషులకన్నా మొక్కల మీదే ఎక్కువ మనసు పెట్టాడు. 1853లో తిరిగి వెళ్లేలోపు దక్షిణాది మొక్కల బొమ్మలతో ఆరు సంపుటాలు అచ్చు వేయించాడు. వాటిలో రెండు వేలకు పైగా చిత్రాలున్నాయి.

ఆయన పుస్తకాలకు బొమ్మలు గీసిన ఇద్దరు చిత్రకారుల పేర్లు రంగయ్య, గోవిందు. ఆ పేర్లు మన చెవికి కొత్తవి కావు. వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరు మీద గోవిందూయియా అని పేరు పెట్టాడు. తెల్ల దొరల పేర్లు, రాణుల పేర్లు మొక్కలకు పెట్టే రోజుల్లో ఒక దేశీయ చిత్రకారుడి పేరు శాస్త్ర గ్రంథంలోకి ఎక్కడం చిన్న విషయం కాదు. డ్రైవ్-ఇన్ చెట్ల కింద ఇరవై ఏళ్లు కాఫీ తాగిన నాకు ఈ సంగతి తెలిసింది హోటలు మూతపడిన చాలాకాలానికి.

ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఆ నేల మీద మొదట వచ్చినవి చెట్లు. మనుషులు కూర్చోవడానికి రావడం తరవాతి మాట. హోటలువాళ్లు ఆ నీడను కట్టలేదు, అద్దెకు తీసుకున్నారు. తరవాత జరిగిన అన్ని మలుపులకూ మూలం ఇదే.

ఉడిపి నుంచి వచ్చిన మనిషి

కె. కృష్ణారావు దక్షిణ కన్నడ ప్రాంతం నుంచి మదరాసు చేరి, హోటళ్లలో చిన్న పనులతో మొదలుపెట్టిన మనిషి. తరవాత మౌంట్ రోడ్డులో ఉడిపి శ్రీకృష్ణ విలాస్ నడిపారు. 1938లో రాయపేటలో రామనాథపురం రాజావారి బంగళా అద్దెకు తీసుకుని అందులో హోటలు పెట్టారు. ఆ బంగళా పేరే ఉడ్‌లాండ్స్. ఇంటి పేరు హోటలుకు వచ్చింది, హోటలు నుంచి దేశమంతా పాకింది. ఇవాళ ఏ ఊళ్లో ఉడ్‌లాండ్స్ అన్న బోర్డు కనబడినా, సాంబారు ఇడ్లీ దొరుకుతుందని ధైర్యంగా లోపలికి వెళతాం. ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డులో, అంటే ఇప్పటి రాధాకృష్ణన్ శాలైలో, ఆయన పెట్టిన న్యూ ఉడ్‌లాండ్స్ ఇప్పటికీ నడుస్తోంది.

1962లో ఆయన సొసైటీ తోటలో కొంత భాగం తీసుకుని డ్రైవ్-ఇన్ తెరిచారు. కారులోంచి దిగకుండా తిని వెళ్లే హోటలు అన్న ఆలోచన అమెరికాది. 1921లో టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ ఊళ్లో మొదలైంది. అక్కడ కార్లు ఎక్కువ కాబట్టి పుట్టింది. మదరాసులో 1962లో కార్లు ఎన్ని? అంబాసిడర్, ఫియట్, మన వండలూరులోనే తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డ్. అవి ఉన్నవాళ్లు ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. మరి అలాంటి ఊళ్లో డ్రైవ్-ఇన్ హోటలు ఎలా నిలబడింది?

కార్లవల్ల మాత్రం కాదు. కార్లు లేనివాళ్లవల్ల నిలబడింది.

కారు లేని కస్టమర్లు

కారులో వచ్చినవాళ్లు చెట్టు కింద ఆపుకునేవారు. సర్వరు వచ్చి కిటికీకి ట్రే తగిలించేవాడు. పిల్లలు కారులో కూర్చోలేక దిగి చెట్ల మధ్య పరుగులు తీసేవారు. కారు లేనివాళ్లు లోపల హాల్లో కూర్చునేవారు. అక్కడ దొరికే మర్యాదలో తేడా లేదు. నేను పదో తరగతిలో ఉండగా మా నాన్నగారు నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని మొదటిసారి తీసుకెళ్లారు. సైకిలుకు ట్రే తగిలిస్తారేమోనని నేను ఎదురుచూశాను.

కాలేజీ రోజుల్లో గిండీ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లం. నలుగురం కలిసి రెండు పూరీలు, నాలుగు కాఫీలు. అంతకు మించి జేబు సహకరించేది కాదు. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ పుస్తకం బల్ల మీద పరిచి మూడు గంటలు కూర్చున్నా ఎవరూ వచ్చి "ఇంకేం కావాలి?" అని అడిగేవారు కారు. ఆ ప్రశ్నలో ఉండే అర్థం హోటళ్లకు వెళ్లే అందరికీ తెలుసు. అది వినబడని హోటలు మదరాసులో నాకు తెలిసి అదొక్కటే.

మా చుట్టూ ఎవరుండేవారో చెబితే ఆ చోటు ఏమిటో తెలుస్తుంది. పొద్దున నడకకు వచ్చి ఇడ్లీ తిని పేపరు చదివే రిటైరైన ఉద్యోగులు. బ్యాగు పక్కన పెట్టి ఆ రోజు కలవాల్సిన డాక్టర్ల పట్టిక రాసుకునే మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌లు. సొంత ఆఫీసు పెట్టే స్తోమత లేక ఒక బల్లనే ఆఫీసు చేసుకున్న చిన్న వ్యాపారులు. పెళ్లిచూపులకు రెండు వైపుల నుంచీ వచ్చి, ఇంటికి పిలిచే ముందు ఒకసారి చూసుకుందామనుకున్న కుటుంబాలు. తెలుగు సినిమా ఇంకా కోడంబాక్కం, వడపళని, టి.నగర్‌లను వదలని కాలం కాబట్టి కథ చెప్పడానికి వచ్చినవాళ్లు, వేషం కోసం వచ్చినవాళ్లు. వాళ్లలో కొందరు తరవాత పెద్దవాళ్లయ్యారు. ఎక్కువమంది కాలేదు. ఇద్దరికీ కాఫీ ఒకే ధర.

మన సంఘం కూడా అలా కూర్చున్నదే. తొలి కమిటీలో ఉన్న పెద్దలు నాతో చెప్పిన మాట: ఐదారుగురు వచ్చేవారు, సెక్రటరీ మినిట్స్ రాసేవాడు, చందా డబ్బు కాఫీ బిల్లుకు ఖర్చు కాకూడదని ఎవరి కాఫీకి వాళ్లే ఇచ్చుకునేవారు. తెలుగు మాస్టారు ఒకాయన మాత్రం తన విద్యార్థుల బిల్లు తానే కట్టేవారట. పేద పిల్లలకు పుస్తకాలు కొనిపెట్టే నిధి, ఇప్పటికీ మనం నడుపుతున్నది, అక్కడి బల్ల మీదే పుట్టింది.

వీళ్లెవరికీ ఆ స్థలం మీద కాగితం హక్కు లేదు. కాఫీ ధర చెల్లించి కాసేపు కూర్చునే హక్కు తప్ప. ఏ సర్వే పటంలోనూ ఆ హక్కుకు గుర్తు లేదు.

గడువు తీరిన కాగితాలు

స్థలం ప్రభుత్వానిది. సొసైటీ దాన్ని అనుభవిస్తోంది. సొసైటీ దగ్గర హోటలు తీసుకుంది. మూడు అంతస్తుల ఇంట్లో పై అంతస్తులో ఉన్నవాడికి పునాది కనబడనట్టే, కాఫీ తాగేవాళ్లకు ఈ సంగతి పట్టలేదు. ప్రభుత్వం స్థలం వెనక్కి కావాలంది. వ్యవహారం కోర్టులకెక్కి ఏళ్ల తరబడి నడిచింది. ఈలోగా కృష్ణారావు 1990లో కన్నుమూశారు. చివరికి 2008లో హోటలు ఖాళీ చేసింది, స్థలం ప్రభుత్వ స్వాధీనమైంది.

ఆఖరి రోజుల్లో ఊరంతా అక్కడికి వచ్చింది. పాతికేళ్లుగా రానివాళ్లు కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. కొంతమంది సర్వర్లతో ఫొటోలు తీయించుకున్నారు. చట్టప్రకారం జరిగినదాంట్లో తప్పు పట్టడానికి లేదు. ప్రభుత్వ భూమి ప్రభుత్వానికి చేరింది. అయినా వచ్చినవాళ్ల మొహాలు చూస్తే, వాళ్లు ఒక హోటలును సాగనంపడానికి వచ్చినట్టు లేదు. దూరపు బంధువుల ఇల్లు అమ్ముడైందని తెలిసి చివరిసారి చూడ్డానికి వచ్చినట్టుంది.

ఏం కట్టి ఉండవచ్చు?

ఇంజనీరుగా నాకు అప్పుడు మరో భయం ఉండేది. లెక్క మీరే చూడండి. ఇప్పుడక్కడున్న తోట విస్తీర్ణం 20 ఎకరాలు. చెన్నై లెక్కలో ఒక గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు. 20 ఎకరాలంటే సరిగ్గా 363 గ్రౌండ్లు. నగరం నడిబొడ్డున, రెండు పెద్ద రోడ్ల కూడలిలో 363 గ్రౌండ్లు ఒకే ముక్కగా. ఇవాళ్టి తమిళనాడు నియమాల ప్రకారం మామూలు భవనానికి స్థలానికి రెండింతలు, ఎత్తైన భవనానికి మూడుంపావు రెట్లు అంతస్తుల విస్తీర్ణం కట్టుకోవచ్చు. రెండింతలే అనుకున్నా 17 లక్షల చదరపు అడుగులు దాటుతుంది. లోపలి రోడ్లు, తప్పనిసరిగా వదలాల్సిన పది శాతం ఖాళీ స్థలం తీసేసినా వెయ్యికి పైగా ఫ్లాట్లు లేస్తాయి. లేదా ఒక మాల్, ఒక ఐదు నక్షత్రాల హోటలు, వాటి కింద మూడంతస్తుల కార్ పార్కింగ్. ఆ పార్కింగ్ తవ్వకంలో ఒక్క చెట్టు మిగలదు.

ఇది ఊహ కాదు. పక్కనే ఉదాహరణలున్నాయి. జెమినీ వంతెనకు ఆ పేరు తెచ్చిన జెమినీ స్టూడియో నేల మీద ఇప్పుడు పెద్ద హోటలు, వాణిజ్య భవనాలు ఉన్నాయి. 1973లో వంతెన కట్టినప్పుడు స్టూడియో గుర్తుగా నిలిచిన పేరు, ఇప్పుడు స్టూడియో లేకుండా ఒంటరిగా మిగిలింది. పూనమల్లి హైరోడ్డులో కె. సీతారామరావుగారి దాసప్రకాశ్, 1950ల నాటి గుండ్రని మూలల అందమైన హోటలు, మూతపడ్డాక కూల్చేశారు. ఆ స్థలం నివాస భవనాలకు పోయింది. అందులో తప్పేముంది, ఊరికి ఇళ్లు కావద్దా అంటారా? కావాలి. నేను కట్టించిన వాటిలో సగానికి పైగా ఇళ్లే.

మన సంఘ సభ్యులు చాలామంది ఇప్పుడు హైదరాబాదులో ఉన్నారు. వాళ్లకు తెలిసిన ఉదాహరణ ఇంకోటి చెబుతాను. నౌబత్ పహాడ్ దగ్గర హిల్‌ఫోర్ట్ ప్యాలెస్‌ను 1915లో నిజామత్ జంగ్ కట్టించారు. ఆయన కేంబ్రిడ్జిలో చదువుకున్నవాడు కాబట్టి ఆ కళాశాల వాసన ఆ కట్టడంలో ఉంటుంది. తరవాత అది నిజాం కుమారుడు మొఅజ్జం జా నివాసమైంది. హైదరాబాదు వీధుల్ని, బస్తీల్ని సరిదిద్దిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డుకు ఆయన అధ్యక్షుడు. ఆపైన అదే భవనంలో రిట్జ్ హోటలు నడిచింది. హోటలు పోయాక ఆ మేడ ఖాళీగా ఉండిపోయింది. వారసత్వ కట్టడం కాబట్టి కూల్చడానికి వీల్లేదు, ఏం చేయాలో తేల్చుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది. ఊరినే బాగుచేసిన మనిషి ఇంటిని బాగుచేసే దిక్కు లేకపోయింది. పైకప్పు కారుతున్న భవనానికి నిర్ణయం వాయిదా పడటం కూడా ఒక నిర్ణయమే. వాన నీరు ఫైలు కోసం ఆగదు.

అంటే హోటలు మూతపడిన స్థలానికి మూడు దారులు: కూల్చి అమ్ముకోవడం, వదిలేయడం, లేదా పదిమందికీ పనికొచ్చేలా మార్చడం. డ్రైవ్-ఇన్‌కు మూడోది దొరికింది.

తోట వచ్చింది

2010 నవంబరు 24న అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి సెమ్మొళి పూంగాను ప్రారంభించారు. ఖర్చు సుమారు 8 కోట్లు. సెమ్మొళి అంటే ప్రాచీన భాష, పూంగా అంటే తోట. తమిళానికి 2004లో ప్రాచీన భాష హోదా వచ్చింది, దాని గౌరవార్థం ఆ పేరు. తెలుగుకూ కన్నడానికీ ఆ హోదా వచ్చింది 2008లో. ఉడిపి నుంచి వచ్చిన మనిషి హోటలు, తెలుగు కుర్రాళ్లు కూర్చున్న బల్లలు ఆ చోటు ఖాళీ చేసిన ఏడాదే అది. ఎవరూ ఉద్దేశించి చేసింది కాదు, క్యాలెండరు చేసిన చమత్కారం.

తోటలో ఐదు వందలకు పైగా మొక్కల జాతులు పెంచారు. అంతకన్నా ముఖ్యం, అప్పటికే ఉన్న పెద్ద చెట్లను కొట్టకుండా వాటి చుట్టూ దారులు వేశారు. వృత్తిరీత్యా దీన్ని నేను మెచ్చుకుంటాను. ఖాళీ కాగితం మీద గీతలు గీయడం తేలిక. ఉన్న చెట్టు చుట్టూ గీత వంచడం కష్టం. కాంట్రాక్టరుకు కూడా చెట్టు అంటే అడ్డంకే. చెట్టును మిగల్చాలంటే మాను మిగిలితే చాలదు. కొమ్మలు ఎంత దూరం పరుచుకున్నాయో కనీసం అంత దూరం వేళ్లూ పాకి ఉంటాయి. ఆ మేర నేలను తవ్వకూడదు, బరువు లారీలు తిప్పకూడదు, సిమెంటుతో మూయకూడదు. లేకపోతే ప్రారంభోత్సవం రోజు పచ్చగా ఉన్న చెట్టు మూడేళ్లకు మోడవుతుంది.

మట్టి నేల మిగలడం వల్ల ఇంకో లాభం ఉంది. చెన్నైలో ఏడాదికి సగటున 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 20 ఎకరాల మీద అది 11 కోట్ల లీటర్ల పైచిలుకు నీరు. అంతా భూమిలోకి పోదు నిజమే. కాని అదే స్థలం కాంక్రీటయితే దాదాపు అంతా రోడ్డు మీదికే వస్తుంది. 2015 డిసెంబరులో తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన పడి ఊరు మునిగినప్పుడు మనలో చాలామంది మేడల మీద నిలబడి పాల ప్యాకెట్ల కోసం ఎదురుచూశాం. ఆ తరవాతైనా మట్టి నేల విలువ ఏమిటో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి లెక్క వేస్తే ఊరు లాభపడింది. చెట్లు మిగిలాయి, నేల మిగిలింది, ప్రభుత్వ భూమి ప్రజలకు చేరింది. కొలవగలిగినవన్నీ దక్కాయి.

కొలతకు అందనిది

ఆ తోటకు నేను చాలాసార్లు వెళ్లాను. బాగుంటుంది. టికెట్టు కొని లోపలికి వెళతాం, బాట వెంట నడుస్తాం, బాతుల కొలను చూస్తాం, మొక్కల పేర్లు చదువుతాం, బయటికి వస్తాం. కాని అక్కడ నాకు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ కనబడలేదు. బల్ల మీద పుస్తకం పరిచిన విద్యార్థి కనబడలేదు. కమిటీ మీటింగు పెట్టుకున్న సంఘం కనబడలేదు. వాళ్లను ఎవరూ రావద్దనలేదు. వాళ్లకు కావాల్సినవి నాలుగే: నీడ, బల్ల, చవకగా ఏదో ఒకటి తాగడానికి, కదలమని అడగని మనిషి. వాటిలో తోటలోకి వచ్చింది నీడ ఒక్కటే.

ఇది ఎవరి తప్పూ కాదనే అనుకుంటాను. స్థలం పునర్నిర్మాణానికి పిలిచినప్పుడు మా వృత్తివాళ్ల చేతికి వచ్చే కాగితాల్లో విస్తీర్ణం ఉంటుంది, హద్దులు ఉంటాయి, నేల గట్టితనం, నీటిమట్టం, చెట్ల పట్టిక, డ్రైనేజీ గొట్టాలు ఉంటాయి. అక్కడికి రోజూ ఎవరొస్తున్నారు, ఎంతసేపు ఉంటున్నారు, వాళ్లకు ఇంకో చోటుందా అన్న పట్టిక ఉండదు. పట్టికలో లేనిదానికి నక్షాలో చోటు దొరకదు. పార్కు కట్టినవాళ్లు పార్కు అడిగితే పార్కు కట్టారు, అది కూడా బాగా కట్టారు.

కథ ఇంకా ముందుకు నడిచింది. అదే క్యాథడ్రల్ రోడ్డులో సొసైటీ చేతిలో మిగిలిన మరో ముక్కను కూడా ప్రభుత్వం తీసుకుని, 6.09 ఎకరాల్లో 46 కోట్లతో కలైంజర్ శతాబ్ది ఉద్యానవనం కట్టింది. అప్పటి ముఖ్యమంత్రి స్టాలిన్ 2024 అక్టోబరు 7న దాన్ని ప్రారంభించారు. తీగ మీద జారే జిప్ లైను, అద్దాల తోట, పక్షుల గూడు, సంగీత ఫౌంటెను, అన్నీ ఉన్నాయి. మా మనవలకు పండగే. తెరిచినప్పుడు ప్రవేశం పెద్దలకు వంద రూపాయలు. 8 కోట్ల తోటకూ 46 కోట్ల తోటకూ మధ్య పద్నాలుగేళ్లు. మొదటి దాంట్లో నడిచి చూడాలి, రెండో దాంట్లో ఆడి చూడాలి. ఊరికే కూర్చోవడానికి వచ్చే మనిషి మాత్రం రెండింటి నక్షాలోనూ లేడు.

మన పెంకుటిల్లు

ఇప్పుడు మన సంగతికి వస్తాను. పాత బ్లాకు పెంకులు కారుతున్నాయి. రెండు దూలాలకు చెద పట్టింది. నేను స్వయంగా పైకెక్కి చూశాను. అందులో తరగతులు పెట్టడం ఇక క్షేమం కాదు, దాని గురించి రెండో మాట లేదు. కమిటీ ముందున్న ప్రతిపాదన: దాన్ని తీసేసి నాలుగంతస్తుల భవనం, వీధి వైపు కింది అంతస్తులో అద్దెకిచ్చే దుకాణాలు, ఆ అద్దెతో బడి జీతాలకు ఆసరా. నేను దీనికి వ్యతిరేకిని కాను. ఎయిడెడ్ బడులు ఏ స్థితిలో ఉన్నాయో మన టీచర్లకు తెలుసు. ఆ అద్దె రాకపోతే ఇంకో పదేళ్లకు ఈ సంచికలో బడి గతం గురించి తప్ప రాయడానికి ఏమీ ఉండదు.

కాని డ్రైవ్-ఇన్ కథ విన్న తరవాత ఒక్క పని చేయమని అడుగుతున్నాను. నక్షా గీయించే ముందు వారం రోజులపాటు ఆ బ్లాకు వరండాలోకి, దాని ముందున్న వేపచెట్టు కిందికి ఎవరెవరు వస్తున్నారో రాయించండి. ఆ పని పెద్ద తరగతి పిల్లలు సంతోషంగా చేస్తారు. నాకు తెలిసినంతవరకు ఆ పట్టికలో ఇలా ఉంటుంది. ఉదయం ఎనిమిదికి ముందు, ఇంట్లో చోటు చాలక ఇక్కడికి వచ్చి హోంవర్కు రాసుకునే పిల్లలు. మధ్యాహ్నం క్యారియర్లు తెచ్చి కూర్చునే తల్లులు, అమ్మమ్మలు. సాయంత్రం బడి వదిలాక పక్క వీధుల్లోంచి నడకకు వచ్చే ముసలివాళ్లు. శనివారాల్లో తెలుగు రాని మన పిల్లలకు అక్షరాలు దిద్దించే రిటైర్డు టీచరమ్మ, ఆమె చాప.

ఆ పట్టిక చేతికొచ్చాక నక్షా ఎలా మారుతుందో చెబుతాను. భవనాన్ని స్థలమంతా పరచకుండా కాస్త కుదించి, ఒక అంతస్తు పైకి పెంచవచ్చు. వేపచెట్టు కొమ్మలు పరుచుకున్న మేర పునాది తవ్వకూడదని ఒప్పందంలోనే రాయించవచ్చు. దుకాణాల వెనక, లోపలి వైపు, పాత వరండా అంత పొడవు వరండా మళ్లీ కట్టవచ్చు. అందులో గోడకు ఆనించి సిమెంటు అరుగు వేస్తే బల్లల ఖర్చు కూడా ఉండదు. దుకాణాల్లో ఒకటి టీకొట్టుకు, తక్కువ అద్దెకు, పిల్లలకు చవకగా ఇవ్వాలన్న షరతుతో ఇవ్వవచ్చు. నా అంచనాలో వీటన్నింటివల్ల పోయేది రెండు దుకాణాల అద్దె. మొత్తం మీద భరించగలం.

ఇంకొకటి. డ్రైవ్-ఇన్ కథలో కూర్చున్నవాళ్లకు కాగితం హక్కు లేదన్నాను. మన కథలో కాగితం మన దగ్గరే ఉంది. బడి స్థలం దస్తావేజులు ఇనప్పెట్టెలో అడుగున, సగం చిరిగిన కవర్లో ఉన్నాయి. వాటి నకళ్లు తీయించి, సర్వే కొలతలు వేయించి, హద్దులు సరిచూడటం కొత్త భవనానికి మొదటి ఇటుక కన్నా ముందు జరగాలి. ఆ పనికి నా ఫీజు అక్కర్లేదు. మన బ్యాచ్ నుంచి ఇద్దరు లాయర్లు, ఒక సర్వేయరు కూడా ముందుకొచ్చారు.

సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతివారూ ఒక్క విషయం గుర్తు చేసుకుని రండి. ఆ వేపచెట్టు కింద మీరు ఎప్పుడు, ఎందుకు కూర్చున్నారో చీటీ మీద రాసి నాకివ్వండి. పిల్లల పట్టికతో పాటు ఆ చీటీలను కూడా ఆర్కిటెక్టు చేతికి ఇద్దాం. ఈసారి కొలతల్లో అవి కూడా ఉంటాయి.